మా అత్త నాలుక మీద ఉప్పు

మా అత్త చెంబెత్తి బావి నీళ్లు నోట్లో పోసుకుంది. ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. ఎప్పటిలాగే నోట్లో అటూ ఇటూ తిప్పింది. ఆ తర్వాత మాత్రం ఎన్నడూ చేయని పని చేసింది. నీళ్లు తుపుక్కున కింద ఉమ్మి, "ఉప్పు" అంది.

బావి చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. మా ఆయన హరినాథ్ ముఖం చూశాను, నెత్తుటి చుక్క లేదు.  కన్నకొడుకు నోట్లో మన్ను కొట్టడం గురించి విన్నాను గానీ కళ్లారా చూడటం అదే మొదటిసారి.

ఒక్క మాటకే ఇంత గొడవా అంటారేమో, చెబుతాను. ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు మాది. మా నేలలో పైన తియ్యటి నీళ్లు, కాస్త లోతుకు పోతే ఉప్పునీళ్లు. అందుకని ఎవరు బోరు వేయించినా మా అత్త మస్తానమ్మను పిలుస్తారు. గొట్టం దిగేకొద్దీ ఆమె నీళ్లు నోట్లో పోసుకుని చూస్తుంది. "ఇంక దించబాకండి" అందంటే అక్కడ ఆపేయాల్సిందే. ముసల్దాని మాట వినేదేమిటని ఇంకాస్త దించిన పెద్దమనుషులున్నారు. వాళ్లు ఇవాళ్టికీ ఆ బోరు పక్కనే కూర్చుని క్యాన్ నీళ్లు కొనుక్కుని తాగుతున్నారు.

మా ఆయన బావికి పడమర వైపున్న మా చేలో రొయ్యల గుంట తవ్వుతానన్నప్పుడు ఊరంతా అడ్డం పడింది. గుంటకు పెట్టేది ఉప్పుకాలవ నీళ్లు కదా, అవి ఇంకి ఇంకి బావిలోకి దిగితే ఊరు తాగేదేమిటి అన్నారు. అందరికంటే గట్టిగా అరిచింది పక్కచేను హజరత్తయ్య. వరి పండించుకునే మనిషి, మా అత్తను సొంత అక్కలాగే చూసుకుంటాడు. అరిచిందీ ఆయనే, దారి చెప్పిందీ ఆయనే. ప్రతి అమావాస్య మర్నాడు, సముద్రం పోటు మీదున్నప్పుడు, మస్తానమ్మ అందరి ముందూ బావి నీళ్లు రుచి చూడాలి. తియ్యగా ఉన్నాయంటే గుంట ఉంటుంది. ఉప్పన్న రోజున గుంట గట్టు తెగ్గొట్టాలి.

"తీర్పు చెప్పేది మీయమ్మే గదరా అల్లుడా, నీకేం భయం?" అన్నాడు ఆరోజు. మా ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. మూడు పంటలు తీశాం. ఏ అమావాస్యకూ ఆ నాలుక మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు గుంటలో రొయ్య వేలెడంత కూడా లేనప్పుడు పెట్టింది.

"అమా, ఇంకోతూరి చూడు" అన్నాడు మా ఆయన. చెంబు మళ్లీ నింపి ముందుకు చాపాడు.

"చూసినా గదా నాయనా. ఉప్పే" అని ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టింది. కొడుకు వైపు చూడనైనా చూడలేదు.

మా ఆయన ఊరుకోలేదు. మా గుంటకు మందులూ మేతా చెప్పే తిమోతిని పిలిపించాడు. అతను బావి నీళ్లు రెండు చుక్కలు ఉప్పు చూసే గొట్టం మీద వేసి, వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఉప్పనేదే లేదన్నా, మంచినీళ్లే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అది ఎంతసేపు? హజరత్తయ్య ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"నీ గొట్టం రొయ్యలోళ్లది అబ్బయా. అక్క నాలుక ఊరిది" అన్నాడు.

"నువ్వు తాగి చూడు మామా, నీకెట్టా ఉండాయో" అన్నాను నేను.

ఆయన తాగాడు. చప్పరించాడు. "నాకు తియ్యగానే ఉండాయి. అయితే అక్క చెప్పినాక చూస్తే, యాడో అడుగున కొంచెం ఉందేమో అనిపిస్తా ఉంది" అన్నాడు. అంతే. ఆయన తర్వాత తాగినవాడికి ఇంకొంచెం ఉప్పు తగిలింది. పొద్దుగూకేసరికి ఊళ్లో ఉప్పు తగలని మనిషి లేడు. పొద్దున అవే నీళ్లతో కాఫీ కాచుకుని చప్పరించి తాగిన వాళ్లే, సాయంత్రానికి మా వాకిట్లో నిలబడి పిల్లల కడుపులు పాడైపోతున్నాయని శాపనార్థాలు పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

చివరికి పౌర్ణమి దాకా గడువిచ్చారు. పౌర్ణమి సాయంత్రం గట్టు తెగ్గొట్టాలి. అంత చిన్న రొయ్యను పట్టినా కొనేవాడు లేడు. గుంట పోతే మాకు మిగిలేది ఉప్పుబారిన ఆ నేల ఒక్కటే, దాంట్లో వరి మొలవదు. మా ఆయన తల్లితో మాట్లాడటం మానేశాడు. అన్నం కూడా గుంట దగ్గరికే తెప్పించుకుని తినేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎందుకని ఆమెకు వినపడేలా గిన్నెల మీద అన్నాను. ఆమె మాట్లాడలేదు. మామూలుగానైతే నేను ఒకటంటే పది అనే మనిషి. పులుసులో ఒక పలుకు ఉప్పు ఎక్కువైతే మీ పుట్టింట్లో ఉప్పుకొటారు ఉందా అని అడిగే మనిషి. ఆ నోరు ఇట్లా మూతపడటం చూస్తే కోపంలోనూ నాకేదో తేడాగా తోచింది.

నిజానికి ఆ తేడా ఏడాదిగా ఉంది. ముందు వక్కాకు మానేసింది. భక్తి ముదిరిందనుకున్నాను. తర్వాత పులుసు మానింది, ఊరగాయ మానింది, చల్లారిన పెరుగన్నం తప్ప ముట్టడం లేదు. ఇంకోవైపు భయం పట్టుకుంది. మా ఆయన గుంట నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడేది. వేసిన గడియే మళ్లీ మళ్లీ వేసేది. ఏమీ లేకుండానే గుండె దడదడలాడుతోందని నా చేయి తీసి రొమ్ము మీద పెట్టుకునేది. ఎందుకత్తా అంటే చెప్పదు. పెద్దతనం చాదస్తమని సరిపెట్టుకున్నాం.

గడువు దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం ఆమె ముట్టని అన్నం పళ్లెంలో ఎండిపోయి ఉంటే చూడలేక, ఒక లేత బోండాం కొట్టి నీళ్లు గ్లాసులో పోసుకుని ఆమె కోసం పెరట్లోకి వెళ్లాను. కోపం కోపమే, కడుపు కడుపే కదా.

పెరట్లో నేను చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. మా ఆయన మోటారు సైకిల్ అద్దం ముందు మా అత్త వంగి నిలబడి ఉంది. ఒక చేత్తో ఫోను లైటు. నోరు చెవుల దాకా తెరిచి, రెండో చేత్తో నాలుకను కొంగుతో పట్టుకుని బయటికి లాగుతోంది. ఎంత గట్టిగా లాగుతోందంటే కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. కాళ్ల దగ్గర, రొయ్యల కోసం ఐసు తెచ్చుకునే తెల్ల పెట్టె తెరిచి ఉంది. చుట్టూ సగం చప్పరించిన ఐసు ముక్కలు. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అద్దంలో నన్ను చూసి ఆమె నోరు టక్కున మూసేసింది.

"ఏందత్తా ఇది!" అని అరిచాను.

"ఏం లేదు. పంట్లో ఏదో ఇరుక్కున్యాది" అంది. ఫోను లైటు ఆర్పేసింది.

నేను గ్లాసు చేతికిచ్చాను. ఒక గుక్క తాగింది. ముఖమంతా ముడుచుకుపోయింది. ఉమ్మేసి, "దీంట్లో ఉప్పెందుకు కలిపినావు మే?" అంది.

నేను గ్లాసు వైపూ ఆమె వైపూ చూశాను. మిగిలిన నీళ్లు నేను తాగాను. చక్కెర కలిపినట్టున్నాయి.

"బోండాం నీళ్లత్తా. ఇప్పుడే కొట్టినా. బోండాంలో ఉప్పు కలిపేదెట్టా?"

ఆమె ఐసు పెట్టె మూత మూసి దాని మీదే కూలబడింది. అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమైంది. 

"అయితే బావి నీళ్లు బాగానే ఉండాయి. నీకు అన్నీ ఉప్పేనా?"

"అన్నీ" అంది. "పాలు ఉప్పే. చెరుకు ముక్క ఉప్పే. మంట మే. పచ్చిమిరపకాయ నూరి నాలికంతా పూసినట్టు పొద్దున లేస్తే మొదలు. పడుకుంటే గానీ ఆగదు. పడుకుందామంటే నిద్ర రాదు. ఏడాదైంది."

"అంటే బావి కాడ ఉప్పు అన్నప్పుడు నీకు తెలుసా, అది నీ నోరేనని?"

ఆమె కాళ్ల వైపు చూస్తూ "తెలుసు" అంది.

 ఇన్నాళ్లూ తెలియక అందనుకుని తిట్టాను. తెలిసి అన్న మనిషిని ఏం చేయాలి? కొడుకు గుంట గట్టు మీద కూర్చుని చిక్కి సగమైపోతున్నాడు. ఊరు పారలు నూరుకుంటోంది. ఈమె మాత్రం తెలిసీ పెరట్లో కూర్చుని ఐసు చప్పరిస్తోంది!

"కన్నతల్లివేనా నువ్వు?" అన్నాను. పెద్దామె అని కూడా చూడలేదు. "నీ కొడుకును బజార్న పడేస్తా ఉండావే, ఎందుకత్తా?"

"నేను అబద్ధం చెప్పలా" అంది ముందు. "నాకు తగిలింది చెప్పినా." ఆపై తనకే ఆ మాట చాలలేదేమో, గొంతు తగ్గించి అంది. "మీ మామ నోటిపుండుతో పోయినాడు. నువ్వు అప్పటికి కోడలివి గావు. బుగ్గకు ఇంత బొక్క పడింది మే. గంజి పోస్తే బొక్కలోంచి బయటికొచ్చేది. నేనే తుడిచినా. ఆయనకూ మంటతోనే మొదలైంది. ఇద్దరం ఒకే సంచిలో వక్కాకు తిన్నాం."

చెప్పడం ఆపి చేత్తో నోరు నొక్కుకుంది.

"ఇన్నాళ్లూ ఉప్పు తగిలినా తియ్యగా ఉండాయనే అంటా వచ్చినా. ఆరోజు బావి మీద నీళ్లు పోసుకుంటానే ఓర్చుకోలేని మంట లేచింది. నీళ్లు చెడిపోయినాయంటే నాకేం లేనట్టు గదా. ఒక్కరన్నా ఔను ఉప్పే అంటే చాలనుకున్నా. ఊరంతా అన్న్యారు. రెండ్రోజులు నిజంగానే నీళ్లదే తప్పని నమ్మినా. హాయిగా ఉండింది మే."

ఆ 'హాయిగా' అన్న మాటకు నాకు దిమ్మ తిరిగింది. గుంట పోయేంత పనై, కొడుకు మాట్లాడక, ఊరు తిట్టిపోస్తున్న ఆ రెండ్రోజులు ఈమెకు హాయిగా ఉన్నాయి. దానికంటే ఎంత పెద్ద భయం మోస్తోందో అప్పుడు తెలిసింది. నా కోపం ఎటు పోయిందో పోయింది. పోలేదు, సగం మిగిలింది. ఆ సగంతోనే రేపు పొద్దున నెల్లూరు పోతున్నాం, డాక్టరుకు నోరు చూపిస్తున్నావు అని చెప్పాను.

"పుండే అంటే?"

"అంటే అప్పుడు చూద్దాం."

"హరికి చెప్పబాక" అంది. సరేనన్నాను.

మర్నాడే పౌర్ణమి. బస్సులో నెల్లూరు దాకా నా చేయి వదల్లేదు. దిగాక చూసుకుంటే గోళ్ల గుర్తులు పడి ఉన్నాయి. డాక్టరు సుభాషిణి గారి గదిలో నోరు తెరవమంటే తెరవలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని పళ్లు బిగించేసింది. ఆ డాక్టరమ్మ ఏమాత్రం తొందరపడకుండా, కొత్త కోడలి అలక తీర్చినట్టు బతిమాలింది. చివరికి తెరిచింది. డాక్టరమ్మ లైటు వేసి నాలుక పైనా కిందా, బుగ్గల లోపలా, అంగిలి, చిగుళ్లు అన్నీ వేలితో తడిమి తడిమి చూసింది. మెడ కింద కూడా నొక్కి చూసింది. 

"పుండు లేదమ్మా. గడ్డ లేదు, మచ్చ లేదు. నోరు శుభ్రంగా ఉంది" అంది.

నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. మా అత్త పెట్టలేదు. విన్నది అర్థం కానట్టు చూసింది.

"ఏం లేదా?"

"పుండు లేదు."

"అయితే మంటెందుకు? నేను వేషాలేస్తా ఉండానా?" అని లేచి నిలబడింది. ఏడాదిగా చావుకు సిద్ధపడిన మనిషికి చావు లేదంటే కోపం వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. 

డాక్టరమ్మ ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, మంట నిజమేనని చెప్పింది. పుండు లేకుండానే నాలుక నరాలు మంటను పుట్టిస్తాయట, లేని రుచి తగిలిస్తాయట. పెద్దవయసు ఆడవాళ్లలో ఇది ఉండేదేనట. మంట ఉంటే ఏమైపోతానోనన్న బెంగ పెరుగుతుంది, బెంగ పెరిగితే నిద్ర పోయి మంట ఇంకా ఎక్కువవుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి అంది. రక్తంలో ఏమైనా తక్కువైందేమో పరీక్ష చేయిస్తాననీ, మంటకూ బెంగకూ రెండింటికీ మందులిస్తాననీ చెప్పింది. ఇవాళ వేసుకుంటే రేపు తగ్గేది కాదు, ఓపిక పట్టాలి, మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి అంది.

తిరుగు బస్సులో మా అత్త నావైపు తిరగలేదు. "నువ్వూ ఆమే కలిసి నాకాడ దాస్తా ఉండారు" అంది.

"ఏమీ దాయలేదత్తా. దేవుడి మీద ఒట్టు. సరే, నమ్మబాక. సాయంత్రం గట్టు తెగ్గొడతారు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తే ఇంక ఊళ్లో నా మాటకు విలువుంటాదా? బోరు కాడికి ఎవురు పిలుస్తారు?"

"చెప్పకపోతే నీ కొడుక్కి ఏముంటాదత్తా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. 

బస్సు దిగేసరికే జనం గుంట గట్టు మీదున్నారు. పారలు, గడ్డపారలు తెచ్చుకున్నారు. హజరత్తయ్య ముఖం అదోలా ఉంది, ఆయనకీ మనసొప్పడం లేదు, కానీ మాట మాటే. మా ఆయన మేత బస్తా మీద తల వంచుకుని కూర్చున్నాడు. నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు కట్టేశారు. గుంట నీళ్లలో కదలిక లేదు. మా అత్త అటు పోలేదు. సరాసరి బావి దగ్గరికి పోయి, చేద వేసి నీళ్లు తోడింది. అది చూసి ఒక్కొక్కరే గట్టు దిగి వచ్చారు. మా ఆయన కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

ఆమె దోసిట్లో నీళ్లు పోసుకుని తాగింది. మింగేటప్పుడు మెడ నరాలు లేవడం నేను చూశాను. ఈసారి ఉమ్మలేదు.

"తియ్యగా ఉండాయి" అంది.

 "మొన్న ఉప్పంటివి గదక్కా?" అన్నాడు హజరత్తయ్య.

"మొన్న నోరు బాగలేదు."

"ఇప్పుడు బాగైందా?"

ఔను అంటుందనుకున్నాను. అనేయ్ అత్తా అని మనసులో మొక్కుకున్నాను కూడా. ఒక్క మాటతో అయిపోతుంది, ఊరు నమ్ముతుంది, గుంట నిలుస్తుంది.

"లేదు" అంది. "ఇప్పుడు గూడా ఉప్పే తగిలింది. ఏడాదిగా నాకు అన్నీ ఉప్పే. నీళ్లు బాగుండాయి, నా నోరే బాగలేదు. తెలిసీ మొన్న అట్టా అన్న్యా. ఇంక మీదట నా నాలుకను నమ్మబాకండి. ఆ తిమోతి గొట్టం తెచ్చి చూపించుకోండి."

ఆ మాటతో ఎవరో కొరడాతో కొట్టినట్టు జనం వెనక్కి తగ్గారు. హజరత్తయ్య చేతిలో పార జారి కింద పడింది. తీసుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆయనకు. మా మామ పాడె మోసిన మనిషి. "అక్కా, పుండా?" అన్నాడు. 

"డాక్టరమ్మ లేదంటాది. నాకు నమ్మకం కుదరడం లా. మీరు చూడండి" అని, ఏడాదిగా కొంగు చాటున దాచిపెట్టుకున్న నోరు మా అత్త ఊరందరి ముందూ తెరిచింది.

నాకు తల కొట్టేసినట్టయింది, పోయి కొంగు కప్పుదామనుకున్నాను. అంతలోనే హజరత్తయ్య వంగి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకెవరో చూశారు. ఎవరూ నవ్వలేదు. పారలు పట్టుకొచ్చిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఎండ పడేలా పక్కకి జరిగి, ఆ నోట్లోకి చూసి తప్పుకున్నారు. దవడలు నొప్పి పుట్టి కళ్ల నీళ్లు కారుతున్నా ఆమె నోరు మూయలేదు. అందరికంటే ఆఖరున మా ఆయన వచ్చాడు. తల్లి గడ్డం పట్టుకుని పైకెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం లేదు మా" అన్నాడు ఏడుస్తూ. "ఏమీ లేదు."

మా అత్త అప్పుడు నోరు మూసుకుంది. కొడుకు చేయి తీసి తన చెంప మీద పెట్టుకుంది.

"పుండు లేదు నాయనా, సరే" అంది. "మంట ఉండాది."